ఫ్లాట్ అమ్మాలా, ఒకరు ఉంచుకోవాలా? విడిపోయేటప్పుడు ఆస్తి, అప్పు పంచుకునే దారులు

మా చెల్లి కాపురం తొమ్మిదేళ్లకి తెగిపోయింది. విశాఖ మధురవాడలో ఇద్దరి పేరా ఉన్న ఫ్లాటు, దాని మీద బ్యాంకు లోను, లాకర్లో బంగారం, ఒక కారు, ఏడేళ్ల పాప. తప్పు ఎవరిదన్న మాటలు మా ఇంట్లో ఆరు నెలలు నడిచాయి. ఆస్తి మాట ఎత్తాలంటే మాత్రం అందరికీ మొహమాటమే. "ముందు మనుషుల సంగతి తేలనీ, డబ్బు సంగతి తర్వాత" అనేవారు మా నాన్న. ఆ తర్వాత అనేది వచ్చేలోపే మూడు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి. చెల్లి అప్పటికే గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చేసింది. అయినా లోను కాగితాల మీద తన సంతకం ఉంది కాబట్టి తన సిబిల్ స్కోరు కూడా పడిపోయింది. ఏడాది తర్వాత స్కూటీ లోనుకి వెళితే ఆ సంగతి బయటపడింది.

నేను వకీలుని కాను. చెల్లి ఫైలు పట్టుకుని కోర్టుకి, బ్యాంకుకి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తిరిగిన అక్కని. ఆ తిరుగుళ్లలో నాకు తెలిసింది ఒక్కటే. ఏ పంపకంలో అంకె పెద్దగా కనిపిస్తోందని చూడకూడదు, ఏ పంపకంలో ఇద్దరి సంతకాలూ ఒకదాన్నుంచి ఒకటి పూర్తిగా విడిపడతాయో చూడాలి. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఈ లెక్కనే తూస్తాను. ఇక్కడ చెప్పేది ఎక్కువగా హిందూ వివాహ చట్టం కిందకి వచ్చే వాళ్లకి. క్రైస్తవులకి, ముస్లింలకి విడాకుల చట్టాలు వేరు. ఇల్లు, లోను, లాకరు విషయాలు మాత్రం ఎవరికైనా ఒకటే.

సగం వస్తుందన్న మాట

"విడాకులైతే భార్యకి సగం ఆస్తి వస్తుందటగా" అని మాకు కనీసం పదిమంది చెప్పారు. గోవా లాంటి చోట తప్ప మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఎవరి పేరున ఉన్నది వాళ్లది, ఇద్దరి పేరా ఉంటే ఇద్దరిదీ. 1955 హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ ఉంది కానీ, అది పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన వస్తువుల వరకే. భర్త తాతముత్తాతల నుంచి వచ్చిన భూమిలో, అది శ్రీకాకుళంలో ఉన్నా విజయనగరంలో ఉన్నా, విడాకుల కారణంగా భార్యకి వాటా రాదు. పిల్లల హక్కు మాత్రం ఎక్కడికీ పోదు.

భార్యకి వచ్చే భరణం వేరే లెక్క. 25వ సెక్షన్ కింద కోర్టు ఇద్దరి సంపాదన, ఆస్తులు, పరిస్థితులు చూసి నిర్ణయిస్తుంది. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం సబబన్నది. అప్పటి నుంచి ఆ అంకె అందరి నోటా నానుతోంది. అది ఆ కేసుకి చెప్పిన మాట, అందరికీ కట్టిన రేటు కాదు. సగం మీద ఆశ పెట్టుకుని మంచి ఒప్పందాన్ని కాలదన్నుకున్న వాళ్లని చూశాను. ఏమీ రాదేమోనని భయపడి ఖాళీ చేతులతో బయటికి వచ్చేసిన వాళ్లనీ చూశాను. ఇద్దరికీ ముందే ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది.

ఎక్కడ తేల్చుకోవాలి: పెద్దల్లోనా, ఒప్పుకుని కోర్టులోనా, పోట్లాడి కోర్టులోనా

మన వైపు ముందు పెద్దల్లో పెడతారు. మేమూ అదే చేశాం, కంచరపాలెంలో మా మామయ్య ఇంట్లో. పెద్దలు కూర్చోవడం వల్ల మేలే జరిగింది. బంగారం సంగతి, పాప స్కూలు ఫీజు సంగతి ఆ రోజే ఒక దారికి వచ్చాయి. చిక్కల్లా చివర్లో వచ్చింది. ఒక పెద్దాయన వంద రూపాయల స్టాంపు కాగితం తెప్పించి, "ఇకపై ఒకరికొకరికి ఏ సంబంధమూ లేదు" అని రాయించబోయారు. కులాచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగిన కొద్దిమందికి తప్ప, అలాంటి కాగితంతో పెళ్లి రద్దవదు. దాంతో ఫ్లాటులో వాటా కూడా మారదు, స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ కాగితాన్ని నమ్మి మరో పెళ్లి చేసుకుంటే క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. పెద్దల్ని పిలవండి, ఒప్పుకున్నవి తెల్లకాగితం మీద రాసుకోండి, ఆ కాగితాన్ని వకీలు దగ్గరికి తీసుకెళ్లండి.

రెండోది పరస్పర అంగీకారం, 13బి సెక్షన్. ఏడాదిగా విడిగా ఉంటున్నట్టు ఇద్దరూ చెప్పి పిటిషన్ వేయాలి. తర్వాత ఆరు నెలలు ఆగి మళ్లీ వచ్చి ఒప్పుకోవాలి. పద్దెనిమిది నెలల లోపు ఆ రెండో మెట్టు పూర్తవ్వాలి. ఇంక కలిసే అవకాశమే లేదని, ఆస్తి, భరణం, పిల్లల విషయాలు తేలిపోయాయని కోర్టుకి అనిపిస్తే ఆరు నెలల గడువు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి విషయం ముందే తేల్చుకున్న వాళ్లకి దీనివల్ల కాలం కలిసొస్తుంది. ఇంకో మాట, పెళ్లి ఎక్కడో జరిగి ఆయన హైదరాబాదులో ఉంటున్నా, భార్య ఉంటున్నది విశాఖలో అయితే ఆమె ఇక్కడే కేసు వేసుకోవచ్చు.

ఈ దారిలో ఒక గొయ్యి ఉంది. రెండో మెట్టు దాటేలోపు ఎవరైనా "నాకు ఇష్టం లేదు" అని వెనక్కి తగ్గవచ్చు. అందుకని మొదటి రోజే మొత్తం డబ్బు ఇచ్చేసినా తప్పే, మొత్తం హక్కు రాసిచ్చేసినా తప్పే. మేము మూడో వంతు మొదటి పిటిషన్ రోజున, మిగతాది రెండోసారి జడ్జిగారి ముందు డీడీ రూపంలో అని రాయించాం. ఫ్లాటు ఎప్పుడు అమ్మాలో, అప్పటిదాకా ఈఎంఐ ఎవరు కట్టాలో కూడా ఆ షరతుల్లోనే పెట్టాం. నాలుగు లైన్లు అదనంగా పట్టాయి, అంతే.

మూడోది పోట్లాట. దీనికి ఏళ్లు పడుతుంది, మనిషి నలిగిపోతుంది, నేను కాదనను. కానీ అవతలి మనిషి ఆదాయం దాస్తుంటే, గుట్టుగా ఆస్తి అమ్మేస్తుంటే, చెయ్యి చేసుకుంటుంటే ఇదే సరైన దారి. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసివ్వాలి. అబద్ధం రాస్తే దాని ఫలితం అనుభవించాలి. 2005 గృహహింస చట్టం కింద ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు, ఆస్తి అమ్మకుండా ఆపే ఉత్తర్వు అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, కాపురం చేసిన ఇల్లయితే ఉండే హక్కు అడగవచ్చని 2020లోనే మరో తీర్పు వచ్చింది. ఉండే హక్కు అంటే వాటా కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఫీజుకి భయపడి ఆగిపోకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అక్కడ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. కాబట్టి ఆఖరి అంకె దాకా చదువుకుని సంతకం పెట్టండి.

ఫ్లాటు

అసలు తగువంతా ఇక్కడే. మా లెక్క చెబుతాను, మీ అంకెలు పెట్టి చూసుకోండి. ఫ్లాటు ధర 60 లక్షలు. లోను బాకీ 28 లక్షలు. అంటే నిజంగా చేతిలో ఉన్నది 32 లక్షలు. చెల్లి భర్త, అంటే మా మరిది మాత్రం మొదటి రోజు నుంచీ 60లో సగం 30 అనే మాట్లాడేవాడు. అప్పు తీయకుండా ఆస్తిని లెక్కపెట్టడం ఎంత మామూలో!

ఒకరు ఉంచుకుని రెండో వాళ్ల వాటా డబ్బిచ్చేయడం చూడ్డానికి అన్నిటికన్నా ముచ్చటగా ఉంటుంది. పాప స్కూలు మారదు, ఇల్లు పోదు. మరిదికి ఇదే కావాలి. అయితే అవతలి వాళ్లకి 16 లక్షలు ఇవ్వాలి, 28 లక్షల లోను ఒక్కరే మోయాలి. ఆ 16 కూడా అప్పే తెస్తే మొత్తం 44 లక్షలు. 8.5 శాతం వడ్డీకి, పదిహేనేళ్లకి నెలకి సుమారు 43,300 ఈఎంఐ. ఆయన చేతికొచ్చే జీతం 62 వేలు. బ్యాంకు మేనేజరు లెక్క చూసి తల అడ్డంగా ఊపారు. లోనులోంచి ఒకరి పేరు తీయాలంటే మిగిలిన మనిషి ఒక్కరి జీతం మీద ఆ లోను నిలుస్తుందా అని బ్యాంకు మొదటి నుంచీ చూస్తుంది. "లోను ఆయనే కట్టుకుంటాడు" అని మీరిద్దరూ రాసుకున్నా, చివరికి కోర్టు కాగితంలో ఉన్నా, బ్యాంకుకి అది కట్టడి కాదు. ఆయన కట్టకపోతే నోటీసు మీకూ వస్తుంది. అందుకే ఈ దారి ఎంచుకునే వాళ్లు ముందు వెళ్లాల్సింది బ్యాంకుకే, వకీలు దగ్గరికి ఆ తర్వాత. ఒప్పుకుంటే వాటా రాసిచ్చే రోజునే లోనులో పేరు తీయించుకోండి. ఒకటి ముందు, ఒకటి వెనక అంటే ఒప్పుకోవద్దు.

వాటా ఏ పత్రంతో రాస్తారన్నది కూడా ఖర్చు విషయమే. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. భార్యాభర్తలుగా ఉండగా రాసుకునే గిఫ్టు, సెటిల్‌మెంటు దస్తావేజులకి ఇంతకన్నా బాగా తక్కువ. ఆదాయపు పన్ను విషయంలోనూ భార్యాభర్తల మధ్య ఇచ్చిపుచ్చుకున్నది ఒక లెక్క, డిక్రీ, అంటే కోర్టు విడాకుల ఉత్తర్వు వచ్చాక ఇద్దరు పరాయివాళ్ల మధ్య ఇచ్చినది ఇంకో లెక్క. కాబట్టి డిక్రీకి ముందా, తర్వాతా అన్నది దస్తావేజు లేఖరినీ, ఒక సీఏనీ అడిగి తేల్చుకోండి. ఆ ఇద్దరికీ ఇచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు.

అమ్మేసి పంచుకోవడం. మేము చివరికి ఇదే చేశాం, లోను ఉన్న ఇంటికి నా ఓటు దీనికే. డౌన్ పేమెంటులో మా నాన్న చెక్కు ద్వారా ఇచ్చిన 5 లక్షలకి బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. వాళ్ల నాన్నగారు ఇచ్చిన 4 లక్షలు నగదు, కాగితం లేదు. వాళ్లు ఇచ్చారని మాకు తెలుసు. కాగితం లేదని కాదంటే ఆ ముసలాయన మొహం ఎలా చూస్తాం? రెండూ ఒప్పుకున్నాం. 32లోంచి 9 తీస్తే 23, చెరి పదకొండున్నర. చెల్లి వైపు పదహారున్నర, అటువైపు పదిహేనున్నర. బ్రోకరు కమిషన్ చెరి సగం. కొన్నాయన లోను తీసుకున్న బ్యాంకే మా పాత లోనుకి నేరుగా డబ్బు కట్టింది. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే రేటు మారుతూ ఉండే హోమ్ లోను ముందే తీర్చినా బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. లోను తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది, ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు బ్యాంకే కట్టాలి. మాకు కొనేవాళ్లు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. తాళాలు ఇచ్చిన రోజు చెల్లి బాల్కనీలో చాలాసేపు నిలబడింది. ఆ రాత్రి మాత్రం ఏడాది తర్వాత మొదటిసారి నిద్రపోయింది.

ఇద్దరి పేరా అలాగే ఉంచి అద్దెకివ్వడం నాకు నచ్చదు. పైపు పగిలినా, అద్దె మనిషి మారినా ఇద్దరూ మాట్లాడుకోవాలి. అమ్మాలంటే రెండు సంతకాలూ కావాలి, అందులో ఒకరు అప్పటికి అమెరికాలో ఉంటారు. రోడ్డు విస్తరణో, పిల్ల పదో తరగతో కారణమైతే ఫలానా తేదీకి అమ్ముతామని రాసుకుని ఉంచండి.

పిల్లల పేరున రాసేయడం పెద్దలకి బాగా ఇష్టమైన సలహా. "ఇద్దరికీ వద్దు, బిడ్డకే" అంటే వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ మైనరు ఆస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అవసరానికి ఆదుకోదు. లోను ఉంటే అసలు కుదరదు. అప్పు లేని స్థలమైతే సరే, తలదాచుకోవాల్సిన ఇంటికి ఇది పనికిరాదు.

విశాఖలో ఇంకో చిక్కుంది. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల పరిధిలో, అంటే అడవివరం, వేపగుంట, వెంకోజీపాలెం, పురుషోత్తపురం, చీమలాపల్లి వైపు ఇల్లున్న వాళ్లకి రిజిస్ట్రేషన్ చిక్కులు దశాబ్దాలుగా ఉన్నాయి. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా స్థలాలు, రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన 22ఎ నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లు కూడా అంతే. అలాంటి ఇంటిని "నలభై లక్షలది, నువ్వు తీసుకో, బ్యాంకులో డబ్బు నేను తీసుకుంటా" అంటే తొందరపడి తల ఊపకండి. అమ్మలేని నలభై లక్షలు, చేతిలో ఉన్న ఇరవై లక్షలు ఒకటి కావు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించండి, 22ఎ జాబితా చూడండి, ఆ తర్వాతే ధర కట్టండి.

భరణం ఒకేసారా, నెలనెలా?

ఇది అవతలి మనిషి ఉద్యోగాన్ని బట్టి తేలుతుంది. స్టీల్ ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు, హెచ్‌పీసీఎల్, ప్రభుత్వ ఉద్యోగం లాంటిదైతే జీతం కాగితం మీద కనిపిస్తుంది. కట్టకపోతే కోర్టు ద్వారా జీతాన్ని అటాచ్ చేయించవచ్చు. అలాంటి చోట నెలనెలా తీసుకోవడానికి భయపడక్కర్లేదు. ఆయన జీతం పెరిగినా, పిల్ల ఖర్చు పెరిగినా మొత్తం పెంచమని అడగవచ్చు. వ్యాపారం, రియల్ ఎస్టేట్, ట్రావెల్స్ అయితే ఒకేసారి తీసుకోండి, అంకె కొంచెం తగ్గినా సరే. ప్రతి నెలా వసూలు కోసం కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది?

ఒకేసారి వచ్చే మొత్తాన్ని నెలల్లోకి మార్చి చూడండి. 20 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే నెలకి సుమారు 11,600. అది చాలదనిపిస్తే ఆ 20 నిజంగా పెద్దది కాదు. పన్ను విషయంలో ఒకేసారి వచ్చే భరణం మీద సాధారణంగా పన్ను పడదు, నెలనెలా వచ్చేది ఆదాయంగా లెక్కకొస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే నెల భరణం ఆగిపోవచ్చు, ఒకేసారి తీసుకున్నది మాత్రం వెనక్కి పోదు.

పిల్ల ఖర్చుని ఇందులో కలపకండి. "నాకేమీ వద్దు, నన్ను వదిలేస్తే చాలు" అని చెల్లి ఒక దశలో అంది. తన భరణం వదులుకోవడం తన ఇష్టం. పాప పోషణ హక్కు పాపది, దాన్ని తల్లి వదిలేయడానికి లేదు.

బంగారం, గిన్నెలు

పెళ్లిలో అమ్మాయికి ఇచ్చిన బంగారం, సారె సామాను, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలం స్త్రీధనం. అది పంపకంలోకే రాదు, పూర్తిగా ఆమెదే. భర్తకి దాని మీద హక్కు లేదని సుప్రీంకోర్టు 2024లో కూడా మళ్లీ చెప్పింది. కష్టంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. కూతురు ఉండగా ఆమె అనుమతి లేకుండా తండ్రి కూడా దాన్ని అడగలేడని అదే ఏడాది ఇంకో తీర్పు వచ్చింది. కాబట్టి పుట్టింటి వాళ్లు అడుగుతున్నా ఆమె పేరునే అడగాలి.

రుజువు కావాలి కదా. మేము పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని, ఏ ఫొటోలో ఏ నగ ఉందో నంబర్లు వేసుకున్నాం. బంగారు కొట్టు పాత బిల్లులు అమ్మ బీరువాలో చీరల మడతల్లో దొరికాయి. లాకరు తెరిచిన రోజు రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరే వెళ్లాం. ఒక్కో నగా తూకం వేయించి, జాబితాలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టారు. గంటన్నరలో అయిపోయింది, ఒక్క మాట పెరగలేదు.

గిన్నెల దగ్గర మాత్రం నాకు కన్నీళ్లు ఆగలేదు. పెళ్లికి కొన్న ప్రతి స్టీలు గిన్నె మీదా అమ్మ చెల్లి పేరు కొట్టించింది. వంటింటి నేల మీద అన్నీ పరిచి, బోర్లించి, పేరు చూసి వేరు చేశాం. ఒక ఇడ్లీ పాత్ర మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చింది. మరిది దాన్ని తీసి చెల్లి సంచిలో పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు.

డిక్రీ తర్వాత

కాగితం చేతికొచ్చాక ఇంకో నెల పని ఉంటుంది. పీఎఫ్, ఇన్సూరెన్సు, బ్యాంకు ఖాతాలు, మ్యూచువల్ ఫండ్లలో నామినీ మార్చాలి. వీలునామా రాసి ఉంటే విడాకులతో అది దానంతట అది రద్దవదు, కొత్తది రాయాలి. ఉమ్మడి ఖాతా మూయించండి, క్రెడిట్ కార్డుకి రెండో వాళ్ల పేరున యాడ్ ఆన్ కార్డు ఉంటే ఆపించండి. కారు ఎవరికి వెళ్లిందో ఆర్‌సీలో వాళ్ల పేరే ఉండాలి, లేకపోతే చలానా మీ ఫోనుకే వస్తుంది. జీవీఎంసీ ఇంటి పన్ను, కరెంటు మీటరు, రేషన్ కార్డు మార్పించండి. మాకు అన్నిటికన్నా ఆఖరున మిగిలింది గ్యాస్ కనెక్షన్. అది చెల్లి పేరునే ఉంది. పుస్తకం, రెండు సిలిండర్లు ఆటోలో వేసుకుని గోపాలపట్నం తీసుకొచ్చాం.